దీపములకు చిరునామాలు



తరగతిలో అడుగు పెట్టిన వెంటనే మేము చేయు మొదటి పని హాజరుపట్టీ విప్పుట. "ఒకటి" అనగనే ఒకరును, "రెండు" అనగనే వేరొకరును లేచి పలుకుదురు. రెండు మూడు నిమిషములలో ఆ పని ముగియును. కాని ఆ పట్టీ మొట్టమొదట ఎట్లు ఏర్పడినదో మీరెన్నడైనను తలచితిరా? బడి తెరచిన దినమున ఎవరికిని సంఖ్య లేదు. మేము ఒక్కొక్కరి ముఖము చూచి, పేరడిగి, తండ్రి పేరడిగి, వ్రాసికొని, పిదప వరుసగా సంఖ్యలు వేయుదుము.

ఇప్పుడొక వింత తరగతిని ఊహింపుడు. ఉపాధ్యాయుని కన్నులకు గంతలు కట్టినారు. ఎదుట అరువదిమందికి పైగా పిల్లలున్నారు. అందరి కంఠమును ఒక్కటే. ఎవరికిని పేరు లేదు. వారికి వచ్చిన మాట "అవును" అనునది యొక్కటే. కాదనవలసి వచ్చినచో ఊరకుందురు. ఇట్టి స్థితిలో ఆ ఉపాధ్యాయుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క సంఖ్యను, ఇద్దరికి ఒకటే రాకుండునట్లు, ఇయ్యగలడా?

ఇయ్యగలడు. ఈనాటి పెద్ద భవనములలో దీపములకు జరుగుచున్నది ఇదియే.

ఈ విషయము మా చెవిని పడిన విధము చెప్పెదము. కొన్ని నెలల క్రిందట మా పాత విద్యార్థి యొకడు, ఇప్పుడు కరెంటు పని చేయుచున్నవాడు, ఒక ఆంగ్ల పుస్తకమును చేతబట్టి మా యింటికి వచ్చెను. "సార్, దీంట్లో ప్రతి పేజీలో అడ్రస్ అడ్రస్ అని ఉంది. దీపానికి అడ్రస్ ఏంటి సార్? దానికేమన్నా ఉత్తరాలు వస్తాయా?" అని అడిగి నవ్వెను. వాడు నవ్వినను వాని చిక్కు నవ్వదగినది కాదు. పొరుగు పట్టణమున ఒక వైద్యశాలలో, రాత్రివేళ నర్సమ్మ వార్డు దీపములను ఆర్పుటకు మీట నొక్కినప్పుడెల్ల, వార్డుతోపాటు మెట్లదారిలోని దీపమొకటి కూడ ఆరిపోవుచుండెనట. ఒక రాత్రి రోగిని మోసికొని దిగుచున్న ఇద్దరు మనుష్యులు నడిమెట్లమీద చీకటిలో నిలిచిపోయిరట. వాడు పోయి దీపమును విప్పి చూచెను, బాగుగనే యున్నది. తీగెను చూచెను; బాగుగనే యున్నది. మీటను మార్చెను, ఫలము లేదు. ఎవరో "అడ్రస్ చూడు" అనిరట. అందుకై ఆ పుస్తకము.

మేము తెలుగు ఉపాధ్యాయులము. విద్యుత్తు మా విద్య కాదు. అయినను వానితో కూర్చుండి మూడు సాయంకాలములు ఆ పుస్తకమును చదివితిమి. పదములు మేము విడదీసితిమి, పరికరముల సంగతి వాడు చెప్పెను. ఆ మూడు సాయంకాలములలో తెలిసినదానినే ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా ఆ మాటను గూర్చి. కర్నూలున శిక్షణ పొందునాడు, క్రొత్త విషయము చెప్పునప్పుడు మాటతో మొదలుపెట్టుడని మా గురువులు చెప్పెడివారు. మనము ఉత్తరముపై వ్రాయునది చిరునామా. ఇది పారసీక పదము. ఉత్తరపు తలకట్టు అని దాని భావము. మన పెద్దలు "విలాసము" అని కూడ వ్రాసెడివారు. ఆ మాట తెలుగున తగ్గిపోయినను, మీ కన్నడ పాఠ్యపుస్తకములో "విళాస" యను రూపమున నేటికిని నిత్యవ్యవహారమున నున్నది. బజారులో "పతా" యందురు. రాయచూరు పిల్లలకు ఒక్క వస్తువునకు మూడు మాటలు ఉచితముగ లభించినవి. మూడింటికిని అర్థమొక్కటే: అనేకులలో ఒక్కనిని చేరుటకు గుర్తు.

మన యిండ్లలో దీపమునకు ఇట్టి గుర్తు అక్కరలేదు. మీటనుండి బయలుదేరిన తీగె ఆ దీపమునకే పోవును. అచ్చట తీగెయే చిరునామా. కాని వందల దీపములున్న భవనమున, ఒక్కొక్క దీపమునకు ఒక్కొక్క తీగె మీట వరకు లాగినచో గోడలు తీగెలతో నిండును. అంతియే కాదు, రెండు గదుల నడిమి గోడను తొలగించి ఒక్కటి చేసినచో, ఏ మీట ఏ దీపమును వెలిగించవలెనో మార్చుటకు సున్నము రాలగొట్టి తీగెలు పెరికి మరల వేయవలెను.

ఈ శ్రమను తప్పించుటకు 1990 దశకమున ఐరోపాలోని దీపపరికరముల తయారీదారులు కలిసి ఒక ఏర్పాటును కల్పించిరి. దాని పేరు డిజిటల్ అడ్రెసబుల్ లైటింగ్ ఇంటర్‌ఫేస్, పొట్టిగా డాలి. చిరునామా పెట్టదగిన దీపముల పద్ధతి యని తెలుగున చెప్పుకొనవచ్చును. ఇప్పుడు అది అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘమువారి 62386 సంఖ్యగల ప్రమాణముగ నున్నది. ఏ దేశమున చేసిన దీపమైనను ఈ ప్రమాణమును పాటించినచో అదే భాషను వినును.

ఇందులో కరెంటు తీగెలు మామూలుగనే పోవును. వానితోపాటు రెండు సన్నని తీగెలు అన్ని దీపములను తాకుచు పోవును. వీనిలో సుమారు 16 వోల్టుల విద్యుత్తు ఉండును. ఈ జంటతీగె ఒక దానిపై 64 దీపముల వరకు తగిలింపవచ్చును. ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు లావుగల తీగె యైనచో 300 మీటర్ల దూరము వరకు పోవచ్చును. ఆజ్ఞలు సెకనుకు 1200 అక్షరముల వేగమున నడచును; అక్షరమనగా ఇచ్చట సున్న లేక ఒకటి. మీ యింటిలోని సెల్‌ఫోనుతో పోల్చినచో ఇది ఎడ్లబండి వేగము. అయినను దీపము వెలుగుటకు, ఆరుటకు అంతకంటె తొందర యేమి? ఎడ్లబండి దారి తప్పదు. వేగము తక్కువగ నుండుటచేతనే మామూలు తీగెతో, ఎట్టి ప్రత్యేకమైన కప్పును లేకుండ, పని జరుగుచున్నది.

ప్రతి దీపమునకు వెనుక ఒక చిన్న పెట్టె యుండును. దీనిని డ్రైవరందురు. పూర్వపు గొట్టపు దీపములకు చోకు ఎట్టిదో, ఎల్.ఇ.డి. దీపమునకు ఇది యట్టిది. ఆజ్ఞను వినునది, జ్ఞాపకముంచుకొనునది ఈ పెట్టెయే. ఒక్క హెచ్చరిక: 16 వోల్టులే కదా యని ఆ సన్నని తీగెలను ముట్టరాదు. అవి కరెంటు తీగెల ప్రక్కనే పోవును, వానికిని వీనికిని నడుమ నుండు రక్షణ మనుష్యుడు ముట్టుటకు చాలినది కాదు.

64 అను సంఖ్య యెందుకు? ఏబది కారాదా? నూరు కారాదా? ఆజ్ఞలో చిరునామా వ్రాయుటకు ఆరు గడులు కేటాయించిరి. ఒక్కొక్క గడిలో సున్నయో ఒకటియో యుండును. మొదటి గడి రెండు విధములు, రెండవది కూడ చేరినచో నాలుగు, మూడవది చేరినచో ఎనిమిది. ఇట్లు ఆరు గడులకు 64 విధములు. సున్న మొదలు 63 వరకు. మన తపాలా పిన్‌కోడునకును ఆరు గడులే. కాని అందులో ఒక్కొక్క గడిలో పది అంకెలు పట్టును గనుక దేశమంతటికిని చాలినది.

ఇక అసలు కథకు వత్తము. క్రొత్త భవనమున దీపములు బిగించిరి. 64 పెట్టెలును ఒక్క కర్మాగారమునుండి వచ్చినవి. ఏ పెట్టెకును సంఖ్య లేదు. అందరిని ఉద్దేశించి "వెలుగుడు" అన్నచో అన్నియు వెలుగును. అట్టి సామూహికాజ్ఞకు చిరునామా అక్కరలేదు. కాని "నీవు మాత్రము వెలుగు" అనుటకు నీవెవరో తెలియవలెను కదా.

కన్నులకు గంతలు కట్టిన ఉపాధ్యాయుని స్థానమున ఇచ్చట నియంత్రణయంత్రము నిలుచును. అది మొదట "ప్రవేశము తెరచితిమి" అని చాటును. ఈ మాటను సెకనులో పదియవ వంతు లోపల రెండు మార్లు చెప్పవలెను; ఒక్కమారు మాత్రమే వినబడినచో తీగెలో ఏదియో అలజడి యని దీపములు పట్టించుకొనవు. వినినపిదప పదునైదు నిమిషముల వరకు ప్రవేశపు వాకిలి తెరచియుండును. ఆ మీదట "ఒక్కొక్కరు ఒక్కొక్క చీటీ తీసికొనుడు" అనును. ప్రతి డ్రైవరును తనలో తానే, తోచిన సంఖ్య నొకదానిని ఎంచుకొనును. ఆ సంఖ్యకు ఇరువదినాలుగు గడులు. అనగా 1,67,77,216 చీటీలలో నుండి ఒకటి యన్నమాట.

ఇప్పుడు ప్రశ్నలు మొదలగును. అంత పెద్ద సంఖ్యలతో చెప్పినచో తల తిరుగును గనుక చీటీలు 1 మొదలు 128 వరకే యున్నవనుకొందము. నలుగురు పిల్లలు చీటీలు తీసిరి. వారి చేతులలో 23, 41, 68, 90 ఉన్నవి. ఉపాధ్యాయునికి ఇవి తెలియవు.

"64గాని, అంతకు తక్కువగాని ఉన్నవారెవరైన ఉన్నారా?" అవునని ఇద్దరు ఒక్కసారి పలికిరి. "32గాని తక్కువగాని?" అవును. "16?" నిశ్శబ్దము. అనగా అందరికంటె చిన్న చీటీ 17కును 32కును నడుమ నున్నది. "24?" అవును. "20?" నిశ్శబ్దము. "22?" నిశ్శబ్దము. "23?" అవును. దొరికినది! ఏడు ప్రశ్నలు. "23 చీటీ గలవాడా, నీ సంఖ్య సున్న. ఇక ప్రశ్నలకు బదులు చెప్పకుము" అని వానిని ప్రక్కకు తప్పించును. మరల మొదటినుండి: 64? అవును. 32? ఈసారి నిశ్శబ్దము, 23 వాడు తప్పుకొనినాడు కదా. 48? అవును. 40? నిశ్శబ్దము. 44? అవును. 42? అవును. 41? అవును. రెండవవానికి సంఖ్య ఒకటి. ఇట్లే చివరివాడు తప్పుకొనువరకు. తుదకు 128 గాని తక్కువగాని యని అడిగినను ఎవరును పలుకనప్పుడు పని ముగిసినదని యెరుంగును.

ప్రతిసారియు మిగిలిన మేరను సగము చేయుటచేతనే ఏడు ప్రశ్నలు చాలినవి. నిజమైన దీపములకు ఇరువదినాలుగు ప్రశ్నలు కావలెను. కోటిన్నరకు పైబడిన చీటీలలో నుండి ఒక్కదానిని ఇరువదినాలుగు మాటలతో పట్టుకొనుట మాకు మొదట నమ్మశక్యము కాలేదు. పలకమీద రెండును రెండుతో గుణించుచు పోయి, ఇరువదినాలుగవమారు ఆ సంఖ్య కనబడిన తరువాత గాని నమ్మలేదు. మీరును చేసి చూడుడు. ఎడ్లబండి వేగమున నడచినను, 64 దీపములకు సంఖ్యలిచ్చు పని కొన్ని నిమిషములలో పూర్తియగును.

ఈ పద్ధతిలో మా మనస్సును ఆకర్షించినది మరియొకటి. తరగతిలో పదిమంది ఒక్కసారి అరచినచో మాకు ఎవరి మాటయు వినబడదు. బెత్తముతో బల్లపై కొట్టుదుము. ఇచ్చట పదిమంది అరచినను నష్టము లేదు. "ఎవరైన ఉన్నారా" యన్నదే ప్రశ్న గనుక, గోల వినబడినచో ఉన్నారనియే యర్థము. మౌనమును కూడ ఒక మాటగా వాడుకొనిరి. కాని ఇందులోనే ఒక అపాయము దాగియున్నది. తీగె ఊడిన దీపము కూడ మౌనముగనే యుండును. చచ్చినవాని మౌనమునకును కాదనువాని మౌనమునకును యంత్రము భేదము తెలిసికొనలేదు. అందుచేత యంత్రము "పందొమ్మిది దీపములు దొరికినవి" యనినప్పుడు, పనివాడు తల యెత్తి కప్పునకున్న దీపములను తన వ్రేలితో లెక్కపెట్టుకొనవలెను. ఇరువదియున్నచో ఒకటి ఎచ్చటనో మూగదై యున్నది.

ఇద్దరు ఒకే చీటీ తీసినచో ఏమగును? ఇద్దరును కలిసి పలుకుదురు, ఇద్దరికిని ఒకే సంఖ్య వచ్చును. ఇది ఎంత అరుదో గణిత విద్యార్థులు తేల్చవచ్చును. 64 దీపములలో జంటలు 2016. చీటీలు 1,67,77,216. రెండవదానిని మొదటిదానితో భాగించినచో 8,300 దాటును. అనగా నిండుగా దీపములున్న ఎనిమిదివేల మూడువందల తీగెలలో ఒకదానియందు ఇట్లు జరుగుటకు అవకాశము. అట్లు జరిగినప్పుడు ఆ రెండింటిచేతనే మరల చీటీలు తీయించుటయే మందు.

ఇంతవరకు యంత్రము పని. ఇది మిక్కిలి తెలివిగలదే. కాని మా పాత విద్యార్థి పుస్తకము మూసి, "అయితే సార్, సున్న నంబరు దీపం ఎక్కడుంటుంది?" అని అడిగినప్పుడు గాని మాకు అసలు సంగతి తట్టలేదు. ఎక్కడనైన ఉండవచ్చును! సున్న వాకిటిలోనిది కావచ్చును, ఒకటి మూడవ అంతస్తులోని స్నానపుగదిది కావచ్చును, రెండు మరల వాకిటిలో దాని ప్రక్కది కావచ్చును. చిన్న చీటీ యెవరికి వచ్చినదో వారికి ముందు సంఖ్య, అంతే.

పిన్‌కోడు ఇట్టిది కాదు. 1972 ఆగస్టు 15న అది మన దేశమున అమలులోనికి వచ్చెను. దానిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడ నగుట మావంటి భాషోపాధ్యాయులకు సంతోషకరమైన సంగతి. ఆయన కూర్చిన సంఖ్యలో ప్రతి అంకెకును దిక్కు తెలియును. మొదటి అంకె 5 యైనచో కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణముల మండలము. మన రాయచూరు 584101. తుంగభద్ర కావలనున్న కర్నూలు 518001. మొదటి అంకె ఒకటే, రెండవ అంకెతోనే నది దాటుచున్నాము. ఉత్తరములు వేరుచేయువాడు ఊరి పేరు చదువలేకపోయినను సంఖ్యను బట్టి సంచి నింపగలడు. దీపపు సంఖ్యకు అట్టి జ్ఞానము లేదు. అది తీగెపై ఒకరినుండి మరియొకరిని వేరుచేయునేగాని, వారు ఎచ్చట నిలిచియున్నారో చెప్పదు.

ఆ సంగతి చెప్పవలసినవాడు మనుష్యుడే. ఒకడు యంత్రము నొద్ద కూర్చుండును. మరియొకడు భవనపు పటము, పెన్సిలు పట్టుకొని గదిగదికి నడచును. మొదటివాడు "సున్న" యని ఆ దీపమును మినుకుమినుకుమనిపించును. రెండవవాడు వెదకి చూచి, "రెండవ అంతస్తు, కిటికీ ప్రక్కది" యని పటముపై సున్న వ్రాయును. ఇట్లు అరువదినాలుగు మార్లు. ఆ పిదప కావలసినచో వరుస కుదురునట్లు సంఖ్యలు మార్చుకొందురు. యంత్రము కొన్ని నిమిషములలో చేసిన పనికి సరిపోవు ఈ పని ఒక్కొక్కప్పుడు పూటంతయు పట్టును. విసుగైన పని. కనుకనే దీనిని దాటవేయువారును, చేసినను కాగితమును తమ జేబులోనే పెట్టుకొని పోవువారును కలరు.

నాటకపు రంగస్థలములలోని దీపములది వేరు దారి. మన వార్షికోత్సవమునకు అద్దెకు తెచ్చు రంగుల దీపముల వెనుక చిన్న మీటలుగాని, అంకెలు చూపు గాజుగడిగాని మీరు చూచియుందురు. అచ్చట 1986లో అమెరికాలో ఏర్పడిన డి.ఎం.ఎక్స్. 512 అను పద్ధతి నడచుచున్నది. ఒక తీగెపై 512 స్థానములు. దీపము ఏ స్థానమునుండి వినవలెనో మనుష్యుడే చేతితో పెట్టును. చీటీలు లేవు, ప్రశ్నలు లేవు. రెండు దీపములకు ఒకే సంఖ్య పెట్టుట అచ్చట తప్పు కాదు సరికదా, కావలెననియే పెట్టుదురు. వేదిక కిరుప్రక్కల రెండును ఒక్కసారి ఎరుపెక్కును. డాలి పద్ధతిలో ఇట్లు కలిసి నడచుటకు వేరు సంఖ్య నియ్యనక్కరలేదు, గుంపులున్నవి. ఒక్క తీగెపై పదునారు గుంపులు చేయవచ్చును. మీలో ఒకడే తొమ్మిదవ తరగతివాడును, కబాడీ జట్టువాడును, ప్రార్థనగీతము పాడువాడును అయినట్లు, ఒక దీపము ఎన్ని గుంపులలోనైన ఉండవచ్చును. పదునారు సన్నివేశములు కూడ కలవు. "రాత్రి" యను సన్నివేశము పిలిచినప్పుడు ఏ దీపము ఎంత వెలుగవలెనో, ఆ వెలుగు సున్న మొదలు 254 వరకు గల మెట్లలో ఎన్నవదో, ప్రతి దీపమును తన పాలిటిది తానే జ్ఞాపకముంచుకొనును.

తానే జ్ఞాపకముంచుకొనును. విద్యార్థులారా, వైద్యశాల మెట్లదారి చీకటి కారణము ఈ మాటలో నున్నది.

సంఖ్యయు, గుంపులును, సన్నివేశములును అన్నియు ఆ డ్రైవరు పెట్టెలోనే వ్రాసియుండును. పెట్టె చెడినచో దానితోపాటు జ్ఞాపకమంతయు పోవును. దుకాణమునుండి క్రొత్త పెట్టె తెచ్చి బిగించినచో అది ఏమియు ఎరుగని పసిబిడ్డ. ఒక్కటే చెడినచో మంచి యంత్రము తానే గుర్తించి, తప్పిపోయిన సంఖ్యను క్రొత్తదానికి ఇయ్యగలదు. రెండు ఒక్కసారి మార్చినచో ఏది ఏ స్థానమునదో దానికి తెలియదు. మరల పటము, పెన్సిలు, నడక. ఇంతకంటె చిక్కైనది, ఒకచోట విప్పిన పాత పెట్టెను వేరొకచోట బిగించుట. ఆ పెట్టె పసిబిడ్డ కాదు. పాత జన్మ జ్ఞాపకముతో వచ్చును.

జరిగినది ఇది. వార్డులో ఒక దీపము కాంతి తగ్గినదని విప్పి, క్రొత్తది బిగించి, దానికి పాతదాని సంఖ్యయే, 17, ఇచ్చిరి. విప్పిన పెట్టెను అలమారలో పెట్టిరి. కొన్ని నెలలకు మెట్లదారి దీపము పోయినది. అలమారలోని పెట్టె బాగుగనే యున్నదని ఎవరో దానిని అచ్చట బిగించిరి. అది వెలిగినది. వెలిగినది గనుక పని యైనదనుకొనిరి. కాని అది మెట్లదారిలో నిలిచియుండియు తనను తాను వార్డులోని 17వ దీపముగనే యెంచుకొనుచుండెను. నర్సమ్మ వార్డునకు ఆజ్ఞ యిచ్చినప్పుడు అదియు విధేయతతో ఆరిపోయెను. యంత్రము "17, ఉన్నావా?" యని అడిగినచో రెండును కలిసి అవుననును, యంత్రమునకు ఒక్కటిగనే వినబడును. తెరపై అంతయు సరిగా నున్నట్లే కనబడుచుండెను.

ఒక మాట ఇచ్చట చెప్పవలెను. ఈ పద్ధతి కల్పించినవారు కీడును ముందే ఊహింపక పోలేదు. ఆ సన్నని తీగె తెగిపోయినచో దీపములు ఆరిపోవు. వేరుగా చెప్పియుంచనిచో పూర్తి వెలుగుతో నిలుచును. ఆజ్ఞ వినబడనప్పుడు వెలుగుటయే క్షేమమని వారి తలంపు. కాని తీగె తెగలేదు; ఆజ్ఞ స్పష్టముగనే వినబడినది. తనది కాని పేరు పెట్టుకొన్న దీపమును ఏ తెలివియు కాపాడలేదు.

మా పాత విద్యార్థికి కారణము తెలిసినతోడనే పరుగెత్తబోయెను. మేము ఆపి ఒక్కటి మాత్రము మరల చదివించితిమి. ప్రవేశము తెరచునప్పుడు యంత్రము రెండు విధముల పిలువవచ్చును: "అందరును రండు" అని, లేక "సంఖ్య లేనివారు మాత్రము రండు" అని. తొందరలో మొదటిది పిలిచినచో, వైద్యశాలలోని దీపములన్నియు పాత సంఖ్యలు వదలి క్రొత్త చీటీలు తీయును. ఒక్కదానిని సరిచేయబోయి అరువదినాలుగింటిని చెదరగొట్టినట్లగును. పట్టుమని ఒక్క మీట తేడా. వాడు ఆ పంక్తి క్రింద ఎఱ్ఱసిరాతో గీత గీసికొనెను.

మరునాడు పగటివేళ పోయి, మెట్లదారి పెట్టె జ్ఞాపకమును తుడిచి, సంఖ్య లేనిదానిగా చేసి, దానిని మాత్రము పిలిచి క్రొత్త సంఖ్య యిచ్చి, మెట్లదారి గుంపులో చేర్చి వచ్చెను. సంపాదన ఒక్క పూట కూలి. కాని అంతటితో ఊరకుండక, మరి రెండు సాయంకాలములు, అక్కడి కావలివానిని తోడు పెట్టుకొని, ఒక్కొక్క దీపమును మినికించి చూచి పటము తయారుచేసెను. మొదట అమర్చినవారు పటము ఇచ్చిపోలేదట. ఇప్పుడా కాగితము మీటలపెట్టె తలుపునకు లోపలివైపున అంటించియున్నది. సంఖ్య, స్థానము, గుంపులు, పెట్టె మార్చిన తేది. కన్నడమున ఒక వరుస, తెలుగున ఒక వరుస. అక్కడ పనిచేయువారిలో ఉభయులును ఉన్నారు కదా. నకలు ఒకటి కార్యాలయములో ఉంచిరి.

మన కోటకు విహారము పోయినప్పుడు పడమటి గోడలో పొడవైన రాతిపై చెక్కిన తెలుగు శాసనమును మీకు చూపియుంటిమి. 1294వ సంవత్సరపుది. కోటను ఎవరు కట్టించిరో దానిలో వ్రాసియున్నది. వ్రాసినవారు దానిని వేరొకచోట భద్రపరుపక, ఆ గోడలోనే పొదిగిరి. కాగితము రాయి కాదు. చెమ్మకు చివుకును, చెదలు పట్టును. కాని పెట్టె తలుపు తెరచినవాని కంటికి అది మొదట కనబడునట్లు అంటించుటలో వాడు చేసినదియు అదియే.

ఇక మీరు చేయదగినది. భోజన విరామమున పదిమంది కూడుడు. ఒక్కొక్కరు ఇతరులకు చూపక 1 మొదలు 128 లోపల ఒక సంఖ్య చీటీపై వ్రాసికొనుడు. ఒకనికి కన్నులకు గంతలు కట్టుడు. అతడు పైన చెప్పినట్లు అడుగవలెను; అవునన్నవారు చప్పట్లు కొట్టవలెను, కాదన్నవారు కదలరాదు. అందరికిని సంఖ్యలు వచ్చుటకు ఎన్ని ప్రశ్నలు పట్టినవో లెక్కించుడు. డెబ్బది కంటె మించరాదు, చివర "ఇంకెవరైన ఉన్నారా" యన్న ప్రశ్న గాక. పదిమందిలో తొమ్మండుగురే దొరికినచో, ఒకడు నిద్రపోవుచున్నాడో, ఇద్దరు ఒకే సంఖ్య వ్రాసిరో, గంతలు విప్పకయే కనిపెట్టుటకు ఏమి అడుగవలెనో ఆలోచించి వ్రాసి మాకు ఇయ్యుడు. మంచి సమాధానమును వచ్చు సంచికలో ప్రకటింతుము.